మధ్యవర్తుల బృందంలో చేరుతున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

అంతర్యుద్ధం ఆపడానికి చర్చలు నడిపే మధ్యవర్తుల బృందంలో పౌరుల రక్షణ సంగతులు నీకు అప్పగించారని తెలిసింది. ఆ హోదా పేరు చూసి చాలామంది ఒక మాట అనుకుంటారు: అసలు చర్చలు పెద్దవాళ్లు నడుపుతారు, శిబిరాలు, నీళ్లు, రేషన్ సంగతి ఈ అమ్మాయి చూసుకుంటుంది అని. ఆ పంపకాన్ని మొదటి రోజే ఒప్పుకోకు. ఒప్పందంలోకి ఏ షరతు వచ్చినా దానికి ఒక పరీక్ష పెట్టు. రేపు దీన్ని ఎవరైనా మీరితే, శిబిరంలో ప్లాస్టిక్ పట్టా కింద పడుకున్న ఆవిడకు మీరారని తెలుస్తుందా? తెలిస్తే ఎవరికి చెప్పుకోవాలో తెలుస్తుందా? రెండింటికీ అవునని చెప్పలేకపోతే ఆ వాక్యం ఇంకా రాయనట్టే లెక్క.

ముందు ఎదుటి కుర్చీలో ఉన్నది ఎవరో తేల్చుకో. చర్చలకు వచ్చేవాళ్లు చాలాసార్లు విదేశాల్లో స్థిరపడి, చక్కగా మాట్లాడగలిగినవాళ్లు. తుపాకులు ఉన్నది అడవిలో ఉన్న కమాండర్ల చేతిలో. 2006లో జుబాలో ఉగాండా తిరుగుబాటు దళం లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీతో మొదలైన చర్చల్లో బల్ల దగ్గర కూర్చున్న బృందంలో ప్రవాసులే ఎక్కువ, దాని నాయకుడు జోసెఫ్ కోనీ కాంగోలోని గరాంబా అడవిలో ఉన్నాడు. పత్రాలు ఒకటొకటిగా సిద్ధమయ్యాయి. 2008 ఏప్రిల్‌లో తుది సంతకానికి అందరూ రి-క్వాంగ్బాకు చేరారు, కోనీ మాత్రం రాలేదు. నవంబరులోనూ సంతకం పెట్టలేదు. డిసెంబరులో ఉగాండా సైన్యం గరాంబా మీద దాడికి దిగింది, ఆ తరువాత కాంగో పల్లెల మీద జరిగిన ప్రతీకార దాడుల్లో చచ్చింది సామాన్యులే.

అందుకని పెద్ద మాటలకు ముందు ఒక చిన్న పని అడిగి చూడు. ఫలానా దారిలో, ఫలానా రెండు రోజులు టీకాల బృందాన్ని వెళ్లనివ్వండి అను. 1985లో ఎల్ సాల్వడార్‌లో అంతర్యుద్ధం మధ్యలోనే పిల్లల టీకాల కోసం కాల్పులు ఆపారు. అడిగిన పని జరిగితే ఆజ్ఞ కిందిదాకా వెళ్తోందని అర్థం. జరగకపోతే కారణం రెండిట్లో ఒకటి: వాళ్లకు ఇష్టం లేదు, లేదా వాళ్ల మాట చెల్లదు. రెండింటి మందు వేరు. ఇష్టం లేనివాడికి ఒత్తిడో ఆశో చూపాలి. మాట చెల్లనివాణ్ణి పట్టుకుని వేలాడితే లాభం లేదు, చెల్లేవాడు ఎక్కడున్నాడో వెతకాలి.

ఒక పట్టీ రాసి పెట్టుకో. ప్రతి ప్రాంతపు కమాండరుకూ ఒక వరుస: ఎంత నేల అతని అదుపులో ఉంది, తూటాలు ఎటునుంచి వస్తున్నాయి, డబ్బు దేనిమీద వస్తోంది (గనా, రోడ్డు మీద వసూళ్లా, పశువులా, సరిహద్దు సరుకా), కుటుంబం ఎక్కడ ఉంది, పైవాడితో ఎలా ఉంటాడు. వారానికోసారి దిద్దు. గని మీద బతికేవాడికి శాసనసభలో సీటు ఇస్తానంటే కదలడు, మందుగుండు పొరుగు దేశం నుంచి వచ్చేవాణ్ణి ఆ పొరుగు రాజధానిలోనే కదిలించాలి. తూర్పు కాంగోలో ఎం23 అనే తిరుగుబాటు బృందం కథ ఇందుకు ఉదాహరణ. 2013లో సైనికంగా ఓడింది, ఆ డిసెంబరులో నైరోబీలో ప్రకటనల మీద సంతకాలయ్యాయి. ఓడినవాళ్లు ఉగాండా, రువాండా శిబిరాల్లో ఉండిపోయారు, రాసుకున్నవాటిలో చాలా భాగం అమలు కాలేదు. 2021 చివరలో అదే పేరుతో మళ్లీ ఆయుధాలు లేచాయి, 2025 జనవరిలో గోమా వాళ్ల చేతిలో పడింది.

గడువు పెట్టి మెడలు వంచే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. 2006 మే 5న అబూజాలో సూడాన్‌లోని దార్ఫూర్ యుద్ధం మీద ఒప్పందం అలాగే కుదిరింది. రాజధానుల నుంచి వచ్చిన పెద్దలు గది విడిచి వెళ్లొద్దన్నట్టు కూర్చోబెట్టారు. మూడు తిరుగుబాటు బృందాల్లో మిన్నీ మిన్నావీ వర్గం ఒక్కటే సంతకం పెట్టింది. అబ్దుల్ వాహిద్ వర్గం పెట్టలేదు, జెమ్ అనే మూడో బృందమూ పెట్టలేదు. శిబిరాల్లో ఉన్నవాళ్లలో చాలామంది అబ్దుల్ వాహిద్ వైపు వాళ్లు కావడంతో ఒప్పందానికి వ్యతిరేకంగా అక్కడే నిరసనలు లేచాయి. ఎవరికోసమని రాశామో వాళ్లే చించేస్తామన్నారంటే ముసాయిదా ముందుగా వాళ్ల దాకా వెళ్లలేదని అర్థం.

ఇక కాల్పుల విరమణ. నీ సమయంలో సగం ఇక్కడ పెట్టినా ఎక్కువ కాదు. అధికార పంపిణీ గురించి మాట్లాడటానికి అందరికీ ఉబలాటం. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఏ శాఖ ఎవరికని వాదిస్తూ నెలలు గడుపుతారు, ఆ నెలల్లో ఊళ్లు కాలుతూ ఉంటాయి. ఏ రకం విరమణ కావాలో ముందు స్పష్టం చెయ్యి. సహాయం చేర్చడానికి కొన్ని గంటలో రోజులో ఆపడం ఒకటి. ఎవరి చోట వాళ్లుండి కాల్చకుండా ఉండటం ఇంకొకటి. బలగాలను విడదీసి, గీత గీసి, పరిశీలకులను నిలబెట్టడం మూడోది. మొదటి రకం తెచ్చుకుని మూడోదాని ఫలితం ఆశించకు.

రాసేటప్పుడు ఇవి చూడు. ఎప్పటినుంచి? తేదీతో పాటు గంట, ఆ గంట ఏ దేశపు గడియారం ప్రకారమో. సంతకానికీ అమలుకూ మధ్య ఎంత ఎడం? రేడియో లేని దళానికి మనిషి నడిచి వెళ్లి చెప్పాలి, కనీసం 72 గంటలు వదులు. లేదంటే తెలియక కాల్చినవాడి వల్ల మొదటి రోజే ఒప్పందం పోయిందని గోల. ఏవేవి నిషేధం? కాల్పులు అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, మర్నాటి నుంచి కాల్పులు తప్ప అన్నీ జరుగుతాయి. కొత్త బలగాలు తేవడం, మందుగుండు చేరవేయడం, మందుపాతరలు పెట్టడం, కొత్తవాళ్లను చేర్చుకోవడం, పిల్లలను ఎత్తుకుపోవడం, అత్యాచారం, పంట తగలబెట్టడం, రోడ్డు మీద వసూళ్లు, ఊళ్ల మీదుగా యుద్ధవిమానాలు తిప్పడం, ఆయుధంతో శిబిరంలో కాలు పెట్టడం, ఇవన్నీ విడివిడిగా పేరు పెట్టి రాయాలి. ‘ఆత్మరక్షణకు తప్ప’ అనే మాట ఎవరో ఒకరు తప్పకుండా పెట్టమంటారు. పెట్టక తప్పదు. కానీ అదే పెద్ద కన్నం. తమ మీద కాల్పులు జరుగుతున్నప్పుడు, ఆ చోటనే, అంతవరకే అని బిగించు, వెంటాడటం ఆత్మరక్షణ కిందికి రాదని వేరే వాక్యంలో రాయి.

‘ప్రస్తుతం ఉన్న చోట్ల’ అని రాయనివ్వకు. ప్రస్తుతం ఎవరెక్కడ ఉన్నారో ఇద్దరూ ఒప్పుకోరు, పైగా సంతకానికి ముందు రాత్రి ప్రతి వాడూ ఓ గుట్ట ఎక్కువ పట్టుకోవాలని చూస్తాడు. ఒకే మ్యాపు, 1:50,000 కొలతది, ఇద్దరూ చివర సంతకం చేసినది, అనుబంధంగా పెట్టు. అక్షాంశ రేఖాంశాలు అంకెల్లో ఉండాలి. విడదీసే దూరం కూడా ఆయుధాన్ని బట్టే. 81 మిల్లీమీటర్ల మోర్టారు గుండు ఐదు కిలోమీటర్ల దాకా వస్తుంది. శిబిరానికి రెండు కిలోమీటర్ల దూరంలో మోర్టార్లు ఉంటే ఆ విరమణ శిబిరంలో వాళ్లకు వినపడదు.

పోరాడేవాళ్లు ఏం తింటారన్నది అందరూ మర్చిపోయే సంగతి. కదలొద్దు, వసూలు చెయ్యొద్దు అని కట్టేసి తిండి ఏర్పాటు చెయ్యకపోతే, పది రోజుల్లో పక్క ఊరి గాదె మీద పడతారు. నిరాయుధులుగా ఒకచోట చేరినవాళ్లకు తిండి, మందులు ఇవ్వడానికి ఒప్పందంలోనే దారి పెట్టు. అది శిబిరాల సహాయం నుంచి మాత్రం రాకూడదు. లారీలు వేరు, గోదాము వేరు, లెక్క వేరు, పంచేవాళ్లు కూడా వేరు. రెండూ కలిస్తే రెండో పక్షం సహాయ సంస్థలన్నిటినీ శత్రువు లెక్కలో రాసేస్తుంది.

పర్యవేక్షణకు పెద్ద సైన్యమే కావాలని లేదు. 2002 జనవరిలో స్విట్జర్లాండ్‌లో కుదిరిన, సూడాన్‌లోని నూబా కొండల విరమణను ఆయుధాలు లేని అంతర్జాతీయ పరిశీలకులు, రెండు పక్షాల మనుషులతో కలిసి ఒకే బృందంగా తిరుగుతూ నిలబెట్టారు. రెండు పక్షాలవాళ్లూ ఒకే జీపులో వెళ్లి ఒకే శవాన్ని చూస్తే నివేదిక మీద వాదన తగ్గుతుంది. ఫిర్యాదుకు కాలం కట్టు: అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 72 గంటల్లో అక్కడికి వెళ్లాలి, తేలినది రెండు పక్షాలకూ ఒకే రోజు ఇవ్వాలి. ఇద్దరు ప్రాంత కమాండర్ల మధ్య నేరుగా ఫోన్ ఉంటే సగం గొడవలు పైదాకా రావు. పరిశీలకులు ఏ దేశాలవాళ్లో కూడా ముందే ఆలోచించు. శ్రీలంకలో 2002 విరమణ తరువాత నార్డిక్ దేశాల బృందం పని చేసేది. 2006లో ఐరోపా సమాఖ్య ఎల్టీటీఈని ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చగానే, ఆ సమాఖ్య దేశాల పరిశీలకులు వద్దని ఎల్టీటీఈ పట్టుబట్టింది. డెన్మార్క్, ఫిన్లాండ్, స్వీడన్ వాళ్లు వెళ్లిపోయారు, నార్వే, ఐస్‌లాండ్ వాళ్లు మిగిలారు, బృందం పలచబడింది.

సహాయం చేర్చే దారి దగ్గరికి వస్తే, దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత చెక్‌పోస్టులను చూసే పుట్టిందేమో అనిపిస్తుంది. రాజధానిలో అనుమతి వస్తుంది. నదికి అవతల ఉన్న కుర్ర హవల్దారుకు ఆ కాగితం సంగతే తెలియదు. అందుకే రాయించేటప్పుడు ‘అనుమతి’ అనే మాట వద్దు, ‘ముందస్తు సమాచారం’ అని రాయించు. లారీ నంబర్లు, సరుకు, దారి, ఏ గంట నుంచి ఏ గంట వరకు అన్నవి 48 గంటల ముందు ఒకే ఫారంలో రెండు పక్షాలకూ వెళ్తాయి, అభ్యంతరం చెప్పకపోతే బండ్లు కదులుతాయి. తిరుగు ప్రయాణం కూడా అందులోనే ఉండాలి. ఖాళీ లారీలను పట్టుకుని బలగాలను తరలించిన సందర్భాలు ఉంటాయి. చెక్‌పోస్టులో ఒక్కసారి డబ్బో రెండు బస్తాలో ఇచ్చామంటే అది మర్నాటికి రేటు అవుతుంది, వారంలో పక్క చెక్‌పోస్టుకు పాకుతుంది. ఒక పక్షపు సైనికులను కాపలాగా వెంటబెట్టుకుంటే రెండో పక్షానికి లారీ సైనిక వాహనంలా కనపడుతుంది.

లెక్క నోటికి రావాలి, బల్ల దగ్గర అదే నీ ఆయుధం. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు. పదివేల మందికి లక్షా యాభై వేల లీటర్లు, అంటే పదివేల లీటర్ల ట్యాంకర్లు రోజుకు 15. మనిషికి 2,100 కేలరీలు రావాలంటే ఎండు సరుకు సుమారు అర కిలో. పదివేల మందికి రోజుకు ఐదు టన్నులు, నెలకు 150 టన్నులు, పది టన్నుల లారీలు 15. ఇప్పుడు ఎవరైనా ఉదారంగా, చెక్‌పోస్టు రోజుకు రెండు గంటలు తెరుస్తాం అన్నారనుకో. ఒక్కో లారీ సోదాకు 20 నిమిషాలు పడితే రోజుకు ఆరు లారీలు దాటతాయి. అరవై వేల మంది ఉన్న చోటికి నెలకు 90 లారీలు కావాలి, అంటే తిండికే 15 రోజులు పూర్తిగా పోతాయి. మందులు, నీటి పంపులకు డీజిల్, ప్లాస్టిక్ పట్టాలు మిగతా రోజుల్లో సర్దాలి, మధ్యలో వాన పడి రోడ్డు తెగితే అదీ లేదు. ఇలా చెప్పినప్పుడు ఎదుటివాడు దయ గురించి మాట్లాడటం మానేసి గంటల గురించి మాట్లాడతాడు.

చట్టం మాట కూడా దగ్గర పెట్టుకో. జెనీవా ఒప్పందాల ఉమ్మడి మూడో అధికరణం తిరుగుబాటుదారులకు కూడా వర్తిస్తుంది, అది వర్తించినంత మాత్రాన వాళ్లకు ప్రభుత్వ హోదా రాదని ఆ అధికరణంలోనే ఉంది. గుర్తింపు ఇచ్చినట్టవుతుందని ప్రభుత్వం బెదిరినప్పుడు ఆ వాక్యం చదివి వినిపించు. ఆ ఒప్పందాలకు చేర్చిన రెండో అదనపు ప్రోటోకాల్‌లో 14వ అధికరణం జనాన్ని పస్తుపెట్టడాన్ని నిషేధిస్తుంది, 17వది బలవంతంగా ఊళ్లు ఖాళీ చేయించడాన్ని. నిర్వాసితుల విషయంలో 1998 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు 30 ఉన్నాయి. ఆఫ్రికాలో అయితే 2009లో ఆమోదించి 2012 డిసెంబరులో అమల్లోకి వచ్చిన, నిర్వాసితుల రక్షణకు సంబంధించిన కంపాలా ఒప్పందం దాన్ని ఆమోదించిన దేశాలను కట్టుబడేలా చేస్తుంది. సరిహద్దు దాటినవాడు శరణార్థి, దాటనివాడు నిర్వాసితుడు. ఈ తేడా ముసాయిదాలో కలిపేస్తే దాటనివాళ్ల బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది.

‘సురక్షిత కారిడార్’, అంటే జనం బయటపడటానికి తెరిచే దారి, అనే మాట వింటే జాగ్రత్తపడు. అది చాలాసార్లు ఊరిని ఖాళీ చేయించే పథకం. రెండు వైపులా తెరిచి ఉంటుందా, వెళ్లనివాళ్లు కూడా పౌరులే అని రాశారా, అవతల ఎవరు ఎదురొస్తారు, మగవాళ్లను వేరు చేసి ప్రశ్నించేచోట మూడో పక్షం మనిషి ఉంటాడా, ఆపేసినవాళ్ల జాబితా ఆ సాయంత్రమే ఎవరి చేతికి వస్తుంది? 1995 జులైలో బోస్నియాలోని స్రెబ్రెనిట్సాలో మగవాళ్లను వేరు చేసి, వేలమందిని చంపేశారు. ఆ పట్టణాన్ని 1993లో భద్రతా మండలి సురక్షిత ప్రాంతం అంది. అలాంటి ప్రాంతాలను కాపాడటానికి 34,000 మంది సైనికులు కావాలని అడిగితే 7,600 మందితో సరిపెట్టే తేలికపాటి పథకాన్ని ఒప్పుకున్నారు. సైనికులు లేకుండా ఆ పేరు పెట్టడం, జనాన్ని ఒకచోట పోగుచేసి శత్రువుకు చూపించడమే.

శిబిరం స్థలం గురించి నిన్ను ఎవరూ అడగరు, నువ్వే అడగాలి. మనిషికి 45 చదరపు మీటర్ల చొప్పున పదివేల మందికి 45 హెక్టార్లు, నూట పదకొండు ఎకరాలు. గుడిసెలో మనిషికి మూడున్నర చదరపు మీటర్లు. 20 మందికి ఒక మరుగుదొడ్డి, 250 మందికి ఒక కుళాయి, నీటిచోటు 500 మీటర్లు మించకూడదు. శరణార్థుల శిబిరమైతే సరిహద్దుకు 50 కిలోమీటర్లు లోపలికి ఉండాలి. 1994లో గోమా చుట్టూ లేచిన శిబిరాలు రువాండా సరిహద్దును ఆనుకునే ఉన్నాయి. అక్కడ పంపిణీ, పారిపోయి వచ్చిన రువాండా పాత సైన్యం, పాత పాలకుల మనుషుల చేతిలో పడింది, శిబిరం స్థావరమైంది, రెండేళ్ల తరువాత అక్కడికే యుద్ధం వచ్చింది. రేషన్‌ను ‘నాయకుల’ చేతికిస్తే ఇలాగే అవుతుంది. కుటుంబానికి ఒక కార్డు ఇచ్చి, ఇంటి ఆడమనిషి చేతికే అందించు.

కట్టెల సంగతి ఒప్పందంలోకి ఎక్కించు. నవ్వినా సరే. ఆడవాళ్ల మీద దాడులు జరిగేది చాలావరకు శిబిరం బయట, కట్టెలకూ నీళ్లకూ గడ్డికీ వెళ్లే దారిలో. ఏ రోజుల్లో, ఏ దారిన, ఏ గంటలకు వెళ్తారో ఆడవాళ్లనే అడుగు, ఆ దారిని విరమణ మ్యాపులో గీయించు, గస్తీని ఆ గంటలకు కట్టు. మామూలుగా జరిగే తప్పు ఏమిటంటే, గస్తీ బండి ఉదయం వాళ్లను దింపి, మధ్యాహ్నం భోజనానికి వెనక్కి వచ్చేస్తుంది, వాళ్లేమో సాయంత్రం మోపులతో ఒంటరిగా వస్తారు. మరుగుదొడ్డికి లోపలి గడియ, దారిలో దీపం కూడా రక్షణ పనులే.

నిర్వాసితుల తరఫున ఎవరు మాట్లాడతారన్నది గడ్డు ప్రశ్న. శిబిరం అధ్యక్షుడినని ముందుకొచ్చేవాడు తరచుగా ఏదో ఒక బృందం మనిషే. పేర్ల జాబితా అడిగితే ఇవ్వకు, ఏ పక్షానికీ. సంఖ్య ఇవ్వు, వయసు ఇవ్వు, పేర్లు తాళం కింద ఉండాలి, ఎందుకంటే ఆ జాబితా పగవాడి చేతిలో వేట పట్టీ అవుతుంది. ఆడవాళ్లను విడిగా, మగవాళ్లు పనిమీద ఉన్న వేళ కలువు. హవానా చర్చల్లో 2014లో కొలంబియా యుద్ధ బాధితులను పన్నెండేసి మంది చొప్పున ఐదు విడతలు, మొత్తం 60 మందిని బల్ల దగ్గరికి తెచ్చి, రెండు పక్షాల ముందూ మాట్లాడించారు. వేర్వేరు పక్షాల చేతిలో నష్టపోయినవాళ్లను కలిపి ఎంచారు, ఒకే పక్షపు బాధితులను తెచ్చి ఉంటే అది ప్రచారసభ అయ్యేది. ఇంకొకటి. ఊరు విడిచినవాళ్లలో చాలామంది శిబిరానికి రారు, చుట్టాల ఇళ్లల్లో ఉంటారు. సహాయం శిబిరానికే పరిమితమైతే వాళ్లూ శిబిరం చేరతారు, తిండిపెట్టిన చుట్టం ఇల్లు గుల్లవుతుంది.

క్షమాభిక్ష మాట ఎత్తినప్పుడు తడబడకు. ఆయుధం పట్టడమనే నేరానికి వీలైనంత విస్తృతంగా క్షమించమని రెండో అదనపు ప్రోటోకాల్ ఆరో అధికరణమే చెబుతోంది. యుద్ధ నేరాలకు, మానవాళిపై నేరాలకు, జాతి నిర్మూలనకు మాత్రం ఐక్యరాజ్యసమితి క్షమాభిక్షను ఒప్పుకోదు. 1999 జులైలో లోమేలో సియెర్రా లియోన్ ఒప్పందం అందరికీ టోకున క్షమాభిక్ష ఇచ్చింది, ఐక్యరాజ్యసమితి ప్రతినిధి సంతకం దగ్గర చేతిరాతతో ఆ మినహాయింపు రాశాడు. చివరి పూట చేతిరాతగా కాక మొదటి నెలలోనే ఆ మాట చెప్పేయి. అంతర్జాతీయ నేర న్యాయస్థానం వారెంటును తీసేయిస్తానని ఎవరికీ మాటివ్వకు, నీ చేతిలో లేదు. రోమ్ శాసనం 16వ అధికరణం కింద భద్రతా మండలి 12 నెలలు వాయిదా వేయించగలదు, మళ్లీ పొడిగించగలదు, అంతే.

ఆయుధాలు దించడంలో వరుస తప్పితే అంతా తప్పుతుంది. ఒక పక్షం అన్నీ ముందిచ్చి, రెండోది మాట మాత్రమే ఇవ్వడం జరిగే పని కాదు. ఇండోనేసియాలోని ఆచే విషయంలో 2005 ఆగస్టు 15 నాటి హెల్సింకి అవగాహన ఒప్పందం చూడు. గామ్ అనే తిరుగుబాటు బృందం 840 ఆయుధాలు అప్పగించాలి, 3,000 మంది పోరాటం మానాలి, ఇండోనేసియా బయటి నుంచి తెచ్చిన బలగాలను వెనక్కి తీసుకోవాలి. నాలుగు విడతల్లో, ఇటు కొన్ని ఆయుధాలు, అటు కొన్ని బలగాలు, సెప్టెంబరు నుంచి డిసెంబరులోపు ముగిసింది. ఐరోపా సమాఖ్య, ఆసియాన్ పరిశీలకులు ఒక్కో తుపాకీని చూసి లెక్కలోకి వస్తుందో రాదో చెప్పేవాళ్లు, తుప్పు పట్టినవి తిప్పికొట్టేవాళ్లు. నేపాల్‌లో 2006 తరువాత మావోయిస్టుల ఆయుధాలను కంటెయినర్లలో పెట్టి, తాళంచెవి వాళ్లకే వదిలి, ఐక్యరాజ్యసమితి కాపలా పెట్టింది. సైన్యమూ అన్నే ఆయుధాలు అలాగే పెట్టింది. గౌరవం పోకుండా తుపాకీని చేతికి దూరం చేసే ఉపాయం అది. అంగోలా దీనికి ఎదురు దృష్టాంతం. 1991 బిసెస్ ఒప్పందం తరువాత బలగాల విలీనం సగంలో ఉండగానే 1992 సెప్టెంబరులో ఎన్నికలు పెట్టారు. ఫలితం నచ్చని తిరుగుబాటు నాయకుడు సవింబి దగ్గర సైన్యం ఇంకా చెక్కుచెదరలేదు. మొజాంబిక్‌లో 1992 అక్టోబరు రోమ్ ఒప్పందం ఏడాదిలో ఎన్నికలన్నా, బలగాలు కరిగేదాకా ఆగి 1994 అక్టోబరులో పెట్టారు. రెనామో అనే తిరుగుబాటు బృందం పార్టీగా మారడానికి డబ్బు నిధి కూడా ఏర్పాటు చేశారు. క్యాలెండరు కంటే తుపాకుల లెక్క చూడాలని రెండు దేశాలనూ పక్కపక్కన పెడితే కనపడుతుంది.

ఇళ్లకు తిరిగి వెళ్లడం. ప్రభుత్వాలు ఒప్పందంలో శిబిరాల మూసివేత తేదీ పెట్టమంటాయి, ఫోటోకు బాగుంటుంది కదా. పెట్టనివ్వకు. మార్గదర్శక సూత్రాల్లో 28వది ప్రకారం వెళ్లాలా, ఉన్నచోట స్థిరపడాలా, ఇంకోచోటికి పోవాలా అన్నది నిర్వాసితుల ఇష్టం. ముందు ఇంటికొకరిని ఊరు చూసిరమ్మని పంపించు. మందుపాతరలు ఏరారా, బావిలో ఏం పడేశారు, ఇంట్లో ఎవరున్నారు, పొలం ఎవరు దున్నుతున్నారు, అన్నీ వాళ్లే చూసి చెబుతారు. భూమి తగాదా వినే అధికారి లేకుండా తిరిగి పంపితే కొత్త పోరాటం ఆ పొలం గట్టు మీదే మొదలవుతుంది. కాగితాలు కాలిపోయినవాళ్లకు ఇరుగుపొరుగు సాక్ష్యం చెల్లేలా, భర్త పోయినావిడ పేరున భూమి రాసేలా షరతులు ఒప్పందంలోనే ఉండాలి. తరువాత చట్టం చేస్తామంటే నమ్మకు. వెళ్లే నెల విత్తనాలకు ముందు కావాలి. మూడు నెలల తిండి ఇచ్చి పంపి పంట ఐదో నెలలో వస్తే, మధ్యలో రెండు నెలలు వాళ్లు మళ్లీ శిబిరం దారి పడతారు.

చివరగా దుబాసీ. ఒప్పందం రెండు మూడు భాషల్లో ఉంటుంది, ఏది చెల్లుతుందో రాసి ఉంటుంది, కానీ శిబిరం భాష అందులో ఉండదు. ‘విరమణ’ అనే మాటకు కొన్ని భాషల్లో ‘ఓడిపోవడం’ అనే ఛాయ వస్తుంది, దాంతో కమాండరు సంతకం పెట్టనంటాడు. సంతకానికి వారం ముందే ముసాయిదాను శిబిరం భాషలోకి మార్పించి, ఇంకో దుబాసీ చేత తిరిగి వెనక్కి మార్పించి, తేడాలు చూసుకో. రహస్యమైన భాగాలు వదిలేసి, రోజువారీ బతుకును తాకే షరతులను నీళ్ల వరుస దగ్గర చదివి వినిపించు. ఆడవాళ్లు అడిగే ప్రశ్నలు యథాతథంగా రాసుకో. ‘కట్టెలకు వెళ్లేదారి గుట్టకు ఇటా అటా?’ అని ఒకావిడ అడిగితే, ఆ ప్రశ్నతోనే మర్నాడు బల్ల దగ్గరికి వెళ్లి మ్యాపు తెరవమను.

ఆశీస్సులతో
మీ పెద్దాయన